ఆటస్థలంలో ఇన్సులిన్: నూరేళ్ల చరిత్ర



టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల తల్లిదండ్రులు వైద్యుణ్ణి అన్ని విషయాలూ అడిగిన తరువాత, లేచి వెళ్లే ముందు కొంత సంకోచంతో అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "బడిలో ఆటలు ఆడనివ్వవచ్చునా, లేక పక్కన కూర్చోమని చెప్పమంటారా?" చాలా సందర్భాలలో ఈ ప్రశ్న వైద్యుని దాకా రానే రాదు. ఇంట్లో పెద్దలో, బడిలో డ్రిల్లు మాస్టారో "నీకెందుకులే నాయనా, కూర్చో" అని తీర్పు చెప్పేస్తారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఆ తీర్పు 1920ల నాటిది. అక్కడి నుంచి నేటి వరకు వైద్యశాస్త్రం ఎంత దూరం నడిచిందో, ఎవరెవరి అనుభవం దానిని నడిపించిందో మీ ముందు ఉంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఈనాడు వైద్యులు చెప్పే ప్రతి జాగ్రత్తకూ ఆ చరిత్రలో ఒక కారణం కనిపిస్తుంది.

ముందుగా ఒక భేదాన్ని గుర్తు పెట్టుకోవాలి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే టైప్ 2 మధుమేహంలో ఇన్సులిన్ ఉంటుంది, కాని శరీరం దాని మాట సరిగా వినదు. టైప్ 1లో శరీర రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమగ్రంథిలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. ఇన్సులిన్ దాదాపు ఉండదు. బయటి నుంచి ఇంజెక్షన్ ద్వారా తీసుకుంటేనే ప్రాణం నిలుస్తుంది. "రోజూ నడవండి, షుగరు తగ్గుతుంది" అనే హితవు టైప్ 2 వారిని ఉద్దేశించినది. టైప్ 1 ఉన్న బిడ్డకు నడకగాని, యోగాసనాలుగాని, మరే వ్యాయామంగాని ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం కావు. ఈ భేదం తెలియక ఇన్సులిన్ మానిపించడం ప్రాణాంతకం.

ఇన్సులిన్‌కు ముందు

మధుమేహానికీ వ్యాయామానికీ ఉన్న సంబంధం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహాన్ని రెండు విధాలుగా విభజించారు. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది మరొకటి. మొదటి రకం రోగి కృశించి ఉంటాడనీ, అతనికి తగిన అన్నపానాలతో చికిత్స చేయాలనీ చెప్పారు. రెండవ రకం రోగి స్థూలకాయుడు, తిండి ఎక్కువ, పడక ఎక్కువ. అటువంటి వానికి శరీరాన్ని తేలికపరిచే చికిత్స చెప్పారు. కుస్తీ, గుర్రపు స్వారీ, సుదీర్ఘమైన కాలినడక వంటి శారీరక శ్రమ కూడా ఆ అధ్యాయంలో విధించారు. నేటి టైప్ 1, టైప్ 2 విభజనతో దీనిని అక్షరాలా పోల్చడం సరికాదు. అయినా బక్కచిక్కిన రోగికీ బలిసిన రోగికీ ఒకే మందు పనికిరాదన్న వివేకం అందులో ఉంది.

ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో పాశ్చాత్య వైద్యులకు కూడా బక్కచిక్కిన మధుమేహ బాలునికి ఇవ్వడానికి మందు లేదు. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన ఉపవాస చికిత్సే ఆధారం. ఆహారాన్ని కనీస స్థాయికి తగ్గిస్తే చక్కెర కొంత అదుపులో ఉండి, ఆయుష్షు కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో పెరిగేది. పిల్లలు ఎముకల గూళ్లలా మంచం మీద పడి ఉండేవారు. ఆటల ప్రస్తావనకే అక్కడ తావు లేదు.

టొరంటోలో వెలుగు, వెంటనే కొత్త ప్రమాదం

1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో, మెక్లియడ్ ప్రయోగశాలలో, ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ సారాన్ని తీశారు. జేమ్స్ కాలిప్ దానిని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల బాలునికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. జనవరి 23న కాలిప్ శుద్ధి చేసిన సారం ఇచ్చినప్పుడు రక్తంలో చక్కెర తగ్గింది, బాలుడు కోలుకోసాగాడు. మరుసటి సంవత్సరమే బాంటింగ్, మెక్లియడ్‌లకు నోబెల్ బహుమతి లభించింది.

ఆ రోజుల్లోనే పరిశోధకులు మరొక సంగతి గమనించారు. ఇన్సులిన్ ఎక్కువైన కుందేళ్లకు మూర్ఛలు వచ్చేవి. గ్లూకోజు ఇస్తే తేరుకునేవి. మనుషులలోనూ అంతే. చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక, ఆపై స్పృహ తప్పడం. అంతకుముందు మధుమేహ రోగి భయమంతా చక్కెర పెరగడం గురించే. ఇప్పుడు చక్కెర పడిపోవడం అనే రెండవ భయం తోడైంది. క్రీడల చరిత్ర అంతా ఈ రెండవ భయం చుట్టూ తిరిగింది.

ఈ విషయాన్ని మొదట స్పష్టంగా పరిశీలించిన వారిలో ఒకరు స్వయంగా మధుమేహ రోగి. ఆయన లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రికి చెందిన రాబిన్ లారెన్స్. యువకుడిగా ఉండగానే వ్యాధి బయటపడింది. ఇక ఎక్కువ కాలం బ్రతకనని నిశ్చయించుకుని ఇటలీలోని ఫ్లారెన్స్ నగరానికి వెళ్లి వైద్యం చేసుకుంటున్నాడు. 1923లో లండన్ నుంచి, ఇన్సులిన్ వచ్చింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని సహోద్యోగి తంతి పంపాడు. లారెన్స్ తిరిగి వచ్చి ప్రాణం దక్కించుకున్నాడు. 1926లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ప్రకటించిన పరిశీలన ఇది: ఇన్సులిన్ తీసుకున్న తరువాత వ్యాయామం చేస్తే, అదే మోతాదు మరింత బలంగా పనిచేస్తుంది. అంటే శ్రమించే రోజున మోతాదు తగ్గించాలి, లేదా ఆహారం పెంచాలి. నేటికీ మూలసూత్రం ఇదే. 1934లో లారెన్స్, రచయిత హెచ్.జి. వెల్స్‌తో కలిసి బ్రిటన్‌లో మధుమేహ రోగుల సంఘాన్ని స్థాపించారు. వెల్స్ కూడా మధుమేహ రోగే.

దాదాపు అదే కాలంలో బోస్టన్ నగరంలో మరొక పరిశీలన జరిగింది. 1924 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించిన ఆరోగ్యవంతులైన పరుగువీరుల రక్తాన్ని పరీక్షించగా, బాగా నీరసించి తూలిపోయిన వారిలో చక్కెర చాలా తక్కువగా కనిపించింది. మరుసటి ఏడాది పరుగు మధ్యలో మిఠాయి తినమని సలహా ఇచ్చి చూస్తే, ఆ దుస్థితి తప్పింది. సుదీర్ఘ శ్రమలో ఇన్సులిన్ ఇంజెక్షన్ ఎరుగని వారికే చక్కెర తరుగుతుందంటే, ఇన్సులిన్ తీసుకున్న వారి మాట చెప్పనక్కరలేదు.

బోస్టన్‌లోనే మధుమేహ వైద్యానికి పేరెన్నికగన్న ఇలియట్ జాస్లిన్ ఈ చికిత్సను మూడు గుర్రాల రథంతో పోల్చేవారు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం ఆ మూడు గుర్రాలు. ఏ ఒక్కటి అదుపు తప్పినా రథం తిరగబడుతుంది. వ్యాయామాన్ని కూడా రథానికి కట్టాలన్న మాట ఆ రోజుల్లో సాహసమే.

కారణం ఎక్కడ ఉంది?

ఇక్కడ కొద్దిగా శరీరధర్మం చెప్పుకోవాలి. అది అర్థమైతే తక్కిన చరిత్ర సులభమవుతుంది.

ఆరోగ్యవంతుడు పరుగెత్తడం మొదలుపెట్టగానే క్లోమగ్రంథి ఇన్సులిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. గ్లూకగాన్, అడ్రినలిన్ పెరుగుతాయి. కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజెన్‌ను గ్లూకోజుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మరోవైపు, సంకోచిస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకోగలదు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సమంగా ఉంటాయి గనుక రక్తంలో చక్కెర నిలకడగా ఉంటుంది.

టైప్ 1 రోగి విషయంలో ఇన్సులిన్ చర్మం కింద పోసిన నిల్వ. పరుగు మొదలైందని దానికి తెలియదు. అది తగ్గదు, ఆగదు. పైగా శ్రమ వల్ల రక్తప్రసరణ పెరిగి ఇంకా త్వరగా రక్తంలో కలుస్తుంది. అధికంగా ఉన్న ఇన్సులిన్ కాలేయాన్ని గ్లూకోజు వదలనివ్వదు, కండరమేమో పీల్చుకుంటూనే ఉంటుంది. అరగంటలో చక్కెర దిగజారవచ్చు. ఆటలో అతని ప్రమాదం చాలావరకు ఈ ఆపలేని ఇన్సులిన్ నుంచే వస్తుంది.

దీనికి విపర్యయం కూడా ఉంది. ఇన్సులిన్ తీసుకోకుండా, శరీరంలో అది బాగా కొరవడిన స్థితిలో శ్రమిస్తే చక్కెర తగ్గకపోగా పెరుగుతుంది, కీటోనులనే ఆమ్లాలు పేరుకుంటాయి. 1977లో మైకేల్ బెర్గర్ బృందం దీనిని ప్రయోగపూర్వకంగా చూపింది. "చక్కెర ఎక్కువగా ఉంది, నాలుగు చుట్లు పరుగెత్తితే దిగుతుంది" అనుకోవడం టైప్ 1లో ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

చీకటిలో ఆడినవారు

శాస్త్రం ఇంత వివరంగా తేలక ముందే కొందరు ఆడి చూపించారు. వారిలో అమెరికన్ టెన్నిస్ క్రీడాకారుడు బిల్లీ టాల్బర్ట్ మొదట చెప్పుకోదగినవాడు. 1918లో జన్మించిన ఇతనికి పదేళ్ల వయస్సులో వ్యాధి బయటపడింది. ఆనాటి పద్ధతి ప్రకారం ఆటలు మానిపించారు. కొన్నేళ్ల తరువాత వైద్యుని అనుమతితో రాకెట్ పట్టాడు. గార్డ్‌నర్ మలోయ్‌తో జతకట్టి 1942, 1945, 1946, 1948 సంవత్సరాలలో అమెరికా జాతీయ డబుల్స్ టైటిల్ గెలిచాడు. తరువాత డేవిస్ కప్ జట్టుకు సారథ్యం వహించాడు. ఇన్సులిన్ యుగపు మొదటి తరం పిల్లలలో ఒకడు, ఎనభై ఏళ్లు జీవించి 1999లో కన్నుమూశాడు. ఇతని తరువాతి తరంలో హామిల్టన్ రిచర్డ్‌సన్ అదే వ్యాధితో అమెరికా టెన్నిస్ అగ్రస్థానానికి చేరాడు.

వీరి సాహసం విలువ తెలియాలంటే ఆనాటి పరీక్షా సాధనం తెలియాలి. రక్తంలో చక్కెర చూసుకునే వీలు ఇంటి దగ్గర లేదు. మూత్రపరీక్షే దిక్కు. నావంటి వారు వైద్యవిద్య అభ్యసించిన 1970ల నాటికి కూడా మన వార్డులలో అదే ఉండేది. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం, 8 చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరకు ఇటుక ఎరుపు వస్తే అంచెలంచెలుగా ఎక్కువ ఉన్నట్టు.

ఈ పరీక్షలో ఉన్న లోపాన్ని గమనించండి. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితేనే మూత్రంలోకి వస్తుంది. కనుక రక్తంలో 160 ఉన్నా ద్రావణం నీలమే, 50 ఉన్నా నీలమే. పైగా మూత్రం చెప్పేది గడచిన గంటల సంగతి. క్రీడాకారునికి అన్నిటికన్నా అవసరమైన కబురు, ఇప్పుడు నా చక్కెర పడిపోతోందా అన్నది, ఆ నాళికలో కనిపించదు. చెమట పట్టినప్పుడు అది ఆట వల్ల పట్టిందో, చక్కెర తగ్గి పట్టిందో తన శరీరాన్ని తానే అడిగి తెలుసుకోవాలి. వైద్యులు "ఆడవద్దు" అన్నది నిష్కారుణ్యంతో కాదు, సాధనం లేకపోవడం వల్ల. సాధనం వచ్చిన తరువాత కూడా ఆ మాటే చెప్పడం మాత్రం సమర్థనీయం కాదు.

అల్పాహారం మానిన కుర్రవాడు

కెనడాలోని ఫ్లిన్ ఫ్లాన్ అనే గనుల పట్టణంలో 1949లో పుట్టిన బాబీ క్లార్క్ కథ ఈ సంధికాలానికి చెందినది. ఐస్ హాకీలో అతని ప్రతిభ అందరూ గుర్తించారు. కాని చిన్ననాటి నుంచే టైప్ 1 మధుమేహం ఉందని తెలిసి వృత్తి జట్లు వెనుకాడాయి. అతని శిక్షకుడు అమెరికాలోని మేయో క్లినిక్‌కు తీసుకువెళ్లి, జాగ్రత్తగా ఉంటే ఆడవచ్చునని వైద్యుల నుంచి ధ్రువీకరణ పొందాడు. అయినా 1969 ఎంపికలలో మొదటి విడతలో ఎవరూ అతణ్ణి తీసుకోలేదు. రెండవ విడతలో 17వ స్థానంలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ జట్టు తీసుకుంది.

మొదటి శిక్షణ శిబిరంలోనే రెండుసార్లు మూర్ఛ వచ్చింది. అక్కడితో అతని కథ ముగిసేదే. జట్టు శిక్షణ సహాయకుడు ఫ్రాంక్ లూయిస్ ఆరా తీయగా, కుర్రవాడు సరైన అల్పాహారం తీసుకోకుండా మైదానానికి వచ్చాడని తేలింది. దానికి తగిన ఏర్పాటు చేశారు. ఆటకు ముందు చక్కెర కలిపిన కోలా పానీయం, విరామాలలో చక్కెర వేసిన నారింజ రసం, సహాయకుని సంచిలో ఎప్పుడూ చాక్లెట్లు, ఒక గొట్టం గ్లూకోజు. 1974, 1975లలో ఆ జట్టు క్లార్క్ నాయకత్వంలో స్టాన్లీ కప్ గెలిచింది. లీగ్ అత్యుత్తమ ఆటగాని బహుమతి అతనికి మూడుసార్లు దక్కింది.

ఇందులో ఏ ఖరీదైన సాధనమూ లేదు. ఒక మనిషి కారణం వెతికాడు, మరొకరి సంచిలో గ్లూకోజు ఉంది. మూర్ఛ వచ్చిన రోజున "ఇతడు పనికిరాడు" అనకుండా "ఈ ఉదయం ఏమి తిన్నావు?" అని అడిగారు. మన బడులకు ఈ కథలో ఉన్న పాఠం ఇదే.

రక్తపు బొట్టు చెప్పిన కబురు

1965లో డెక్స్‌ట్రోస్టిక్స్ అనే కాగితపు పట్టీ వచ్చింది. రక్తపు బొట్టు వేసి నిమిషం తరువాత కడిగి రంగు చూస్తే చక్కెర అంచనా తెలిసేది. 1970లో ఆ రంగును కొలిచే యంత్రం వచ్చింది. అది బరువైనది, ఖరీదైనది, ఆసుపత్రుల కోసం చేసినది. 1970ల చివర, 1980లలో ఇటువంటి యంత్రాలు చిన్నవై రోగుల చేతికి వచ్చాయి. ఆటకు ముందు, మధ్యలో, తరువాత చూసుకునే అవకాశం చరిత్రలో మొదటిసారి లభించింది.

చూడగలిగిన తరువాత అంతకుముందు తెలియనివి ఎన్నో తెలిశాయి. 1978లో కోయివిస్టో, ఫెలిగ్ అనే శాస్త్రజ్ఞులు తొడకు ఇచ్చిన ఇన్సులిన్, కాళ్లతో వ్యాయామం చేసినప్పుడు త్వరగా పీల్చుకోబడుతుందని చూపారు. పొట్టకు ఇస్తే ఆ తొందర ఉండదు. పరుగెత్తబోయే ముందు తొడకు సూది వేసుకోవద్దని చెప్పడం దీని నుంచే వచ్చింది. 1987లో మెక్‌డొనాల్డ్ అనే వైద్యుడు మరింత ముఖ్యమైన విషయం వెల్లడించాడు. ఆట ముగిసి చాలా గంటలైన తరువాత, తరచుగా నిద్రలో, చక్కెర పడిపోవచ్చు. కండరాలూ కాలేయమూ ఖాళీ అయిన గ్లైకోజెన్ గిడ్డంగులను తిరిగి నింపుకోవడం దీనికి ఒక కారణం. సాయంత్రం ఆడిన బిడ్డను తల్లి అర్ధరాత్రి లేచి చూసుకోవాలన్న సలహా ఇక్కడి నుంచే వచ్చింది.

1996లో త్వరగా పనిచేసి త్వరగా తగ్గిపోయే కొత్తరకం ఇన్సులిన్ వచ్చింది. ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఇచ్చే పంపులు అప్పటికే వాడుకలో ఉన్నాయి. 1999లో చర్మం కింద అమర్చి నిరంతరం చక్కెర నమోదు చేసే సెన్సర్‌కు అమెరికాలో అనుమతి లభించింది. సంఖ్యతో పాటు, అది పెరుగుతోందో తగ్గుతోందో బాణం గుర్తుతో చూపే సెన్సర్లు తరువాత వచ్చాయి. చక్కెర 120 ఉండి పడిపోతుండడం వేరు, 120 ఉండి నిలకడగా ఉండడం వేరు. క్రీడాకారునికి ఆ బాణం సంఖ్యతో సమానమైన విలువ గలది.

మనకు తెలిసిన ముఖాలు

క్రికెట్ అభిమానులకు వసీం అక్రమ్‌ను పరిచయం చేయనక్కరలేదు. 1997లో, ముప్పై ఏళ్ల వయస్సులో, ఆయనకు టైప్ 1 మధుమేహం నిర్ధారణ అయింది. 1999 ఆరంభంలో చెన్నై చేపాక్ మైదానంలో భారత్ 12 పరుగుల తేడాతో ఓడిన టెస్టు మనలో చాలామందికి ఇంకా మనసులో మెదులుతూనే ఉంటుంది. ఆనాడు గెలిచిన జట్టు నాయకుడు ఇన్సులిన్ మీద జీవిస్తున్న మనిషి. అదే ఏడాది ప్రపంచ కప్ ఫైనల్‌కు జట్టును నడిపించాడు. 2003 ప్రపంచ కప్‌లో ఒకరోజు మ్యాచ్‌లలో 500 వికెట్ల మైలురాయి దాటాడు.

అమెరికన్ ఈతగాడు గ్యారీ హాల్ జూనియర్‌కు 1999లో ఈ వ్యాధి బయటపడినప్పుడు, ఇక పోటీ ఈత సాధ్యం కాదని మొదట చూసిన వైద్యులు చెప్పారు. ఆన్ పీటర్స్ అనే మధుమేహ వైద్యురాలు ప్రయత్నించి చూద్దామన్నారు. సాధన మధ్యలో కొలను గట్టుకు వచ్చి వేలు గుచ్చుకుని పరీక్షించుకుంటూ శిక్షణ పొందాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 మీటర్ల పోటీలో స్వర్ణం పంచుకున్నాడు. 2004 ఏథెన్స్‌లో అదే పోటీలో ఒంటరిగా గెలిచాడు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దావానలం ఆయన ఇంటిని చుట్టుముట్టినప్పుడు ఒలింపిక్ పతకాలు వదిలేసి, ఇన్సులిన్‌నూ పెంపుడు కుక్కనూ తీసుకుని బయటపడ్డాడు. ఈ వ్యాధిలో ఏది ముందో ఆయనకు బాగా తెలుసు.

అయినా అపోహలు పోలేదు. ఇన్సులిన్ క్రీడలలో నిషిద్ధ పదార్థాల జాబితాలో ఉంది. ఆరోగ్యవంతులు కండబలం కోసం దుర్వినియోగం చేస్తారన్నది కారణం. మధుమేహం ఉన్న క్రీడాకారుడు వైద్య కారణాలు చూపి ప్రత్యేక అనుమతి పొందాలి. టోక్యో ఒలింపిక్స్ టెన్నిస్ విజేత అలెగ్జాండర్ జ్వెరెవ్, నాలుగేళ్ల వయస్సు నుంచీ తనకు టైప్ 1 ఉందని 2022లో బహిరంగంగా చెప్పాడు. 2023 ఫ్రెంచ్ ఓపెన్‌లో ఇంజెక్షన్ కోర్టులో కాక బయటికి వెళ్లి తీసుకోవాలని తనకు చెప్పారని ఆక్షేపించాడు. ప్రపంచ స్థాయి ఆటగానికే ఈ చిక్కు ఎదురైతే, తరగతి గదిలో నలుగురి మధ్య సూది తీయడానికి సిగ్గుపడే మన పిల్లల స్థితి ఊహించవచ్చు. మరుగుదొడ్డిలోకి వెళ్లి ఇంజెక్షన్ తీసుకోవలసిన దుర్గతి ఏ బిడ్డకూ రాకూడదు.

కబడ్డీ వేరు, పరుగు వేరు

గత ఇరవై ఏళ్ల పరిశోధన మరొక సూక్ష్మాన్ని బయటపెట్టింది. అన్ని ఆటలూ చక్కెరను ఒకే తీరుగా నడపవు. సుదీర్ఘమైన పరుగు, సైకిలు, ఈత చక్కెరను దించుతాయి. క్షణకాలపు తీవ్ర శ్రమ అడ్రినలిన్‌ను ఎగదోసి, చక్కెరను పట్టి నిలుపుతుంది, ఒక్కొక్కప్పుడు పెంచుతుంది కూడా. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, మధ్యస్థమైన వ్యాయామం ముగిశాక 10 సెకన్ల పాటు శక్తికొద్దీ వేగంగా శ్రమిస్తే వెంటనే చక్కెర పడిపోకుండా కొంతసేపు ఆపవచ్చునని చూపారు. 2012లో కెనడా పరిశోధకులు బరువులెత్తడం ముందు, పరుగు తరువాత పెట్టుకుంటే చక్కెర మరింత నిలకడగా ఉంటుందని గమనించారు.

ఆ మొదటి కొన్ని సెకన్ల తీవ్ర శ్రమకు కండరం గ్లూకోజు కోసం ఎదురు చూడదు. తనలో సిద్ధంగా ఉన్న ఫాస్ఫోక్రియాటిన్‌ను వాడుకుంటుంది. ఆ పదార్థాన్ని 1927లో సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. కూతకు వెళ్లిన కబడ్డీ ఆటగాడు ఒక్క ఉదుటున గీత అందుకున్నప్పుడు అతనిని నడిపించేది ఆ నిల్వే. కనుక కబడ్డీ ఆడే బిడ్డకూ, అయిదు కిలోమీటర్లు పరుగెత్తే బిడ్డకూ ఒకే సలహా సరిపోదు. "ఏ ఆట, ఎంతసేపు, ఏ వేళ?" అని వైద్యుడు అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

2017లో పలు దేశాల నిపుణులు, ఇన్సులిన్ పుట్టిన టొరంటో నగరానికే చెందిన మైకేల్ రిడెల్ ముందుండగా, ఒక ఏకాభిప్రాయ పత్రం ప్రకటించారు. దాని సారాంశం ఇది.

ఆట మొదలుపెట్టేటప్పుడు చక్కెర సాధారణంగా 126–180 మధ్య ఉండడం మంచిది. 90 కంటే తక్కువైతే 10–20 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 90 దాటేదాకా ఆగాలి. 270 దాటితే కీటోనులు చూసుకోవాలి. రక్తంలో కీటోనులు 1.5 మిల్లీమోల్ లేదా అంతకన్నా ఎక్కువైతే ఆ రోజు ఆట లేదు. గడచిన 24 గంటలలో మరొకరి సహాయం కావలసినంతగా చక్కెర పడిపోయి ఉంటే కూడా ఆట వద్దు. దీర్ఘమైన ఆటలో గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం అవసరం కావచ్చు. ఆటకు ముందరి భోజనపు ఇన్సులిన్‌ను 25–75 శాతం వరకు తగ్గించవలసి రావచ్చు. సాయంత్రపు ఆట తరువాత రాత్రి ఇన్సులిన్‌ను సుమారు 20 శాతం తగ్గించడం ఒక మార్గం. ఇవి నిపుణులు ఇచ్చిన హద్దులు. మీ బిడ్డకు సరిపోయే అంకె మీ వైద్యుడు, మీ నోటుపుస్తకంలోని లెక్కలు కలిసి తేల్చాలి. స్వయంగా మోతాదులు మార్చవద్దు.

ఇప్పుడు మన బడిలో

ఇంత చరిత్ర చెప్పింది ఒక చిన్న పని కోసం. బిడ్డకు టైప్ 1 ఉంటే బడి తెరిచిన వారంలోనే తల్లిదండ్రులు డ్రిల్లు మాస్టారినీ తరగతి ఉపాధ్యాయులనూ కలవండి. ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసి ఇవ్వండి.

ఒకటి, ఆటకు ముందు బిడ్డ చక్కెర చూసుకుంటాడు. అందుకు అయిదు నిమిషాలు ఇవ్వాలి.

రెండు, చెమట, వణుకు, ముఖం పాలిపోవడం, అకారణమైన కోపం, తికమక కనిపిస్తే ఆట ఆపించి మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి గాని, 15 గ్రాముల గ్లూకోజు పొడి గాని వెంటనే ఇవ్వాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. చాక్లెట్లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది గనుక అప్పటికప్పుడు చక్కెర నీరే మేలు. ఆ సమయంలో బిడ్డను ఒంటరిగా పంపకూడదు.

మూడు, స్పృహ తప్పితే నోటిలో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ ఇంజెక్షన్ అందుబాటులో ఉండి, ఇవ్వడం నేర్చుకున్నవారు ఉంటే ఇవ్వాలి.

నాలుగు, ఆట ఆడిన రాత్రి ఇంట్లో పడుకునే ముందు చక్కెర చూడాలి. అవసరమైతే అర్ధరాత్రి మరొకసారి చూడాలి.

ఆటసామాను పెట్టెలో క్రికెట్ బంతుల పక్కన ఒక గ్లూకోజు పొట్లం ఉంచడానికి అయ్యే ఖర్చు ఎంత? పక్కన కూర్చోబెట్టిన బిడ్డ పోగొట్టుకునేది మాత్రం కొలవలేము. వ్యాయామం వల్ల గుండెకు, ఎముకలకు, మనసుకు కలిగే మేలు ఈ బిడ్డకు తక్కిన పిల్లలకన్నా ఎక్కువ అవసరం. "నలుగురిలాగే నేనూ" అన్న ధైర్యం ఇంకా అవసరం.

మీ వీధిలోగాని, మీ బడిలోగాని ఇటువంటి బిడ్డ ఉంటే ఈ వ్యాసాన్ని ఆ తల్లిదండ్రులకూ, ముఖ్యంగా ఆ ఉపాధ్యాయులకూ చదివి వినిపించండి. రేపటి ఆటల గంటలో ఆ బిడ్డ చక్కెర చూసుకుని, షూ లేసు కట్టుకుని, మైదానంలోకి దిగనివ్వండి.